చెంచా బోర్లించి చూస్తే



మా ఇంటి పూజగూట్లో ఒక బుల్లి వెండి చెంచా ఉండేది. ఆల్చిప్ప ఆకారం, బొటనవేలంత కాడ. మా నాయనమ్మ కుంకుమ పొట్లం విప్పి ఆ చెంచాతోనే భరిణెలోకి తీసేది. శ్రావణ శుక్రవారాలు పేరంటాళ్లు వచ్చినప్పుడూ అదే బయటికొచ్చేది. ఇంటిల్లిపాదికీ దాని పేరు కుంకుమ చెంచా. ఎవరో పెద్దవాళ్లు అమ్మవారి కోసమని భక్తిగా చేయించి ఉంటారని మా నమ్మకం.

నాయనమ్మ పోయాక ఓ పండగ ముందు పూజసామాను తోముతూ మా అమ్మ దాన్ని నా చేతికిచ్చింది. "దీని వెనకాల ఏవో గీతలున్నాయి చూడరా, నాకు కళ్లానడం లేదు" అంది. భూతద్దం పెట్టి చూస్తే అవి వరసగా కొట్టిన ముద్రలు. కాలెత్తి నడుస్తున్న సింహం ఒకటి. ఓడ లంగరు ఒకటి. ఒక ఆడమనిషి తల. జి, యు అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఇంకో ముద్ర ఉన్న జాడ తెలుస్తోంది గానీ అరిగి చదునైపోయింది.

వాటిని విప్పుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. విప్పాక తేలిందేమిటంటే, అది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊళ్లో తయారైన టీ చెంచా. టీ కలుపుకునేది కూడా కాదు, డబ్బాలోంచి టీ ఆకు తీసేది. ఒకప్పుడు ఆ దేశంలో టీ ఆకు ఎంత ఖరీదంటే, పెట్టెలో పోసి తాళం వేసుకునేవారు. ఆ పెట్టెలో ఇమిడేట్టు పొట్టి కాడతో ఇలాంటి చెంచాలు చేసేవారు. మా నాయనమ్మ, టీ సంగతి అటుంచండి, కాఫీ కూడా ముట్టని మనిషి. టీ డబ్బా చెంచాతో అరవై ఏళ్లు అమ్మవారికి కుంకుమ తీసింది. అమ్మవారు ఏమీ అనుకున్న దాఖలా లేదు.

అది మా ఇంటికెలా వచ్చిందని నాయనమ్మను ఎవరూ గట్టిగా అడగలేదు. "మా మామగారు బందరు నుంచి తెచ్చారు" అనేది, అంతే. బందరు అప్పుడూ జిల్లా కేంద్రమే. దొరలు బదిలీ మీదో, ఉద్యోగం ముగిసో వెళ్లిపోతూ ఇంటి సామాను వేలం వేయడం ఆ రోజుల్లో దేశమంతటా మామూలే. కుర్చీలు, గడియారాలు, పింగాణీ, వెండి చెంచాలు గుమాస్తాల ఇళ్లలోకీ ప్లీడర్ల ఇళ్లలోకీ చేరేవి. మా ముత్తాత కూడా అలాంటి వేలంలోనే పాడుకుని ఉంటాడని నా ఊహ. ఊహే సుమండీ, రశీదు లేదు.

సరే, ఆ ముద్రల సంగతి చెబుతాను, ఎందుకంటే కృష్ణా జిల్లాలో పాత ఇళ్ల బీరువాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హాల్‌మార్క్ అనే మాట మనకిప్పుడు నగల కొట్టు ప్రకటనల వల్ల నోట్లో నానిపోయింది. ఆ హాలు లండన్‌లో ఉంది. కంసాలుల సంఘం వారి భవనం, గోల్డ్‌స్మిత్స్ హాల్. అక్కడికి తీసుకెళ్లి పరీక్ష చేయించి ముద్ర కొట్టించుకోవాలని నియమం పెట్టడంతో ఆ ముద్రకు హాల్‌మార్క్ అనే పేరు వచ్చింది. నడిచే సింహం ముద్ర 1544 నుంచి ఉంది. సింహం ఉందంటే ఆ వెండి స్టెర్లింగ్, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు అసలు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. రెండో ముద్ర ఊరిది. చిరుత తల ఉంటే లండన్. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. కిరీటం ఉంటే షెఫీల్డ్, 1974 దాకా. బర్మింగ్‌హామ్ నుంచి సముద్రం ఎంతో దూరం, మరి ఈ లంగరు ఏమిటా అని నేనూ తల గోక్కున్నాను. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ రెండు ఊళ్లకూ 1773లో ఒకేసారి పరీక్షా కార్యాలయాలు మంజూరయ్యాయి. ఆ అర్జీ పట్టుకుని లండన్ వెళ్లిన పెద్దమనుషులు 'కిరీటం, లంగరు' అనే పేరున్న సత్రంలో సమావేశమయ్యేవారట. దాంతో ఒక ఊరికి కిరీటం, ఇంకో ఊరికి లంగరు దక్కాయని చెప్పుకుంటారు.

ఆడమనిషి తల విక్టోరియా రాణిది. వెండి సామాను మీద సర్కారుకు పన్ను కట్టారని గుర్తు. ఆ పన్నును 1890లో ఎత్తేశారు, ఎత్తేసినప్పుడే ఆ ముద్రా ఆగిపోయింది. ఆవిడ గద్దెనెక్కింది 1837లో. కాబట్టి మా కుంకుమ చెంచా వయసు ఆ రెండు తేదీల మధ్య ఎక్కడో ఉంది. జి, యు అంటే జార్జ్ యునైట్, బర్మింగ్‌హామ్‌లో ఇలాంటి చిన్న చిన్న వెండి వస్తువులకు పేరుపడ్డ పనివాడు. ఇక అరిగిపోయిన ఐదో ముద్రే అసలు ఏడాది చెప్పాల్సిన అక్షరం. ఏటా ఒక అక్షరం మారుస్తూ పోతారు. మా నాయనమ్మ బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనేది. ఆవిడ భక్తి ఆ ఏడాదిని తుడిచేసింది.

బీరువాలో చెంచాలు, ఫోర్కులు దొరికినవాళ్లంతా వెంటనే సంబరపడకండి. చాలావాటి వెనక ఇ.పి.ఎన్.ఎస్. అని నాలుగు అక్షరాలు విడివిడిగా, ఒక్కో అక్షరం ఒక్కో చిన్న గడిలో ముద్ర కొట్టి ఉంటాయి. చూడగానే అచ్చం హాల్‌మార్కులాగే ఉంటుంది, అలా కనిపించాలనే ఆ ఏర్పాటు. అవి నికెల్ కలిసిన లోహం మీద కరెంటుతో వెండి పూత పూసినవి. బర్మింగ్‌హామ్‌లోనే ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. చెంచా వెల్లకిలా పెడితే బల్లకు తగిలే చోట, కడుపు కింద, పూత ముందుగా పోయి లోపలి రంగు బయటపడుతుంది. అక్కడ చూడండి. లోపలున్నది రాగి, జింకు, నికెల్. ఆ మిశ్రమానికి బజారు పేరు జర్మన్ సిల్వర్. ఈ పేరు విన్నారు కదూ? ఇప్పుడు విజయవాడలో గృహప్రవేశానికి వెళ్లినా, వ్రతానికి వెళ్లినా చేతిలో పెట్టే కుంకుమ భరిణెలూ పళ్లేలూ అవే. పేరులో తప్ప అందులో వెండి ఎక్కడా లేదు. ఒకప్పుడు దొరల బల్ల మీద పూత కింద దాక్కున్న లోహం, నూట ఎనభై ఏళ్ల తర్వాత మన తాంబూలాల్లోకి ముసుగు తీసేసి వచ్చిందన్నమాట. చిలకలపూడి కవరింగు నగలు చేసిన జిల్లా మనది. పూతను పూతగానే చెప్పి అమ్మిన ఊరు అది. జర్మన్ సిల్వర్‌ను వెండి ధరకు అంటగట్టేవాళ్లకు ఆ పాటి నిజాయతీ కూడా లేదు.

మరి మన వెండి సంగతి? మన దేశంలో ఇంగ్లీషువాళ్ల పాలనలో హాల్‌మార్కు చట్టమంటూ ఏదీ లేదు. కలకత్తాలో హామిల్టన్ కంపెనీ, మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పెద్ద కొట్లవాళ్లు తమ పేరు తామే కొట్టుకునేవారు. ఓర్ వాళ్ల టీ పాత్రల మీద దేవుళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా ఉండేవి. ఆ పనికి స్వామి పని అనే పేరు లండన్‌లో కూడా పడిపోయింది. వైన్యార్డ్ విల్కిన్సన్ అనే ఆయన ఇలాంటి ముద్రలన్నీ వెతికి పట్టి పుస్తకాలు వేశాడు. ఆ పుస్తకాల్లో దొరల కొట్లున్నాయి, పెద్ద నగరాల్లో పెద్ద పనివాళ్లున్నారు. దివిసీమలోనో, గుడివాడ పక్క పల్లెలోనో ఇంటి అరుగు మీద కుంపటి పెట్టుకుని కంచం కొట్టిన కంసాలి వాటిలో దొరకడు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, వెండి పనిలో తల పండినవారు. "ఆచారి గారూ, మీ తాతలు చేసినవాటి మీద ఒక్క ముద్రయినా ఎందుకు వేసుకోలేదండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "ముద్ర ఎందుకు బాబూ? మా ఇల్లు ఎక్కడికి పోతుందనుకున్నారు? తేడా వస్తే కబురంపేవాళ్లు, పరిగెత్తుకెళ్లేవాళ్లం" అన్నారు. కొన్న వాడికీ చేసినవాడికీ మధ్య వందల మైళ్లూ ముక్కూమొహం తెలియనితనం ఉన్నచోటే ముద్ర కావాలి. ఒకే ఊళ్లో మూడు తరాల పాటు పెళ్లికీ బారసాలకీ ఒకే ఇంటి కంసాలి చేస్తున్నప్పుడు ముద్ర అక్కర్లేదు. ఆ లెక్క ఆచారి గారి నాన్నగారి కాలం దాకా చెల్లింది. ఇప్పుడు చెల్లడం లేదు, అందుకే మనకూ హాల్‌మార్కులొచ్చాయి. వెండికి భారత ప్రమాణాల సంస్థ 2005లో మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్యతో కూడా వేస్తున్నారు, వెండికి అది తప్పనిసరి కాదు గానీ.

ముద్ర లేదు కాబట్టి మన పాత్ర మూగదని అనుకోకూడదు. ఇంగ్లీషు చెంచా ఎవరు చేశారో, ఏ ఊళ్లో చేశారో, ఎంత స్వచ్ఛమో, ఏ ఏడో చెబుతుంది. అది ఎవరిది, ఎవరు ఎవరికిచ్చారు అన్నది చెప్పదు. మన వెండి కంచం సరిగ్గా దీనికి విరుద్ధం. చేసినవాడి పేరు ఉండదు, మిగతాదంతా ఉంటుంది. ఇంటిపేరు, పొడి అక్షరాలు, చి.ల.సౌ. ఫలానాకు అని, తిథితో సహా చెక్కించేవారు. కొన్నిటి అడుగున తులాల లెక్క కూడా గీయించేవారు.

ఆ తిథి దగ్గర ఒక చిక్కుంది. ఒక చుట్టాలింట్లో వెండి పళ్లెం చూశాను. వెనక 'విజయ నామ సం. మాఘ శు. 10' అని ఉంది. ఏ విజయ? మనకు అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. 1893లో ఉగాదికి మొదలైన విజయ ఉంది, 1953లో మొదలైంది ఉంది, 2013లోదీ ఉంది. మాఘమాసం కనుక ఇంగ్లీషు లెక్కలో ఆ తర్వాతి ఏడాది వస్తుంది, 1894 అయినా కావచ్చు, 1954 అయినా కావచ్చు. దొరలకూ ఇదే చిక్కు. లండన్‌లో ఏడాది అక్షరాల వరస 1974 దాకా ఇరవై ఏళ్లకోసారి మళ్లీ మొదటికొచ్చేది. అందుకని వాళ్లు ప్రతి వరసకూ అక్షరం వంపునీ, దాని చుట్టూ ఉన్న గడి ఆకారాన్నీ మార్చేవారు. మనకు ఆ ఏర్పాటు లేదు గానీ, అక్షరాలే చెబుతాయి. ఆ పళ్లెం మీద 'యిచ్చినది' అని య పెట్టి రాశారు, 'ఇచ్చినది' అని కాదు. ఒక్కో అక్షరం ఉలిపోటు చుక్కలతో కట్టినట్టుంది. ఈ కాలం కరెంటు కలంతో గీకితే గీత ఒకే మందంలో, పిల్లవాడు స్లేటు మీద రాసినట్టు వస్తుంది. ఊరి పేరు బెజవాడ అని ఉంది. ఒక్క ఆనవాలుతో తేల్చేయకూడదు, ఇప్పటికీ బెజవాడ అనేవాళ్లకు కొదవ లేదు. మూడూ కలిపి చూస్తే నేను 1894 వైపే మొగ్గాను. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం, "మా అత్తగారి పెళ్లికి పెట్టింది, ఆవిడ పెళ్లి నాటికి తెలుగువాళ్లకి రాష్ట్రం వచ్చి నాలుగు నెలలైంది" అంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. నా పాండిత్యం అంతటితో సరి. చెక్కినవాడు పాతకాలపు మనిషై ఉంటాడు, చేతికి అలవాటైన రాతే రాశాడు. అడగాల్సింది ముందు ఇంట్లో ముసలివాళ్లని, తర్వాతే భూతద్దాన్ని. అప్పటి నుంచి నేను ఆ వరస తప్పడం లేదు.

తులాల సంగతి కూడా చెప్పుకోవాలి, డబ్బుతో ముడిపడి ఉంది కనుక. పాత తులం 11.66 గ్రాములు. రాణి బొమ్మ రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే, రూపాయలే తూకపు రాళ్లుగా వాడేవారు. 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె. ఇవాళ కొట్లో తులం అంటే 10 గ్రాములు. మీ కంచం వెనక 40 తులాలని ఉంటే అది 466 గ్రాములు, కొట్టువాడు నోటిలెక్కన 400 అంటే తల ఊపకండి. ఎలాగూ కాటా మీద పెడతారనుకోండి, ముందు మన లెక్క మన దగ్గరుండాలి. కాటా 466 కన్నా బాగా తక్కువ చూపిస్తే తోమడంలో ఎంత పోయిందో కూడా తెలుస్తుంది. ఎక్కువ చూపిస్తే మరీ జాగ్రత్త. కుందులు, పన్నీరు బుడ్డి లాంటి బోలు వస్తువుల్లో లోపల లక్క పోసి ఉండవచ్చు.

స్వచ్ఛత మాటకొస్తే, ఇక్కడే రూపాయి మళ్లీ వస్తుంది. 1835 నుంచి 1939 దాకా రూపాయిలో వెయ్యికి దాదాపు 917 పాళ్లు వెండి. రూపాయలిచ్చి కరిగించి కంచం చేయించుకుంటే, టంకం అతుకులకు కాస్త తీసేసినా, అది స్టెర్లింగుకు కూతవేటు దూరంలోనే ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో పరీక్షాధికారి చేసే పని మన పల్లెలో టంకశాలే ముందుగా చేసి పెట్టిందన్నమాట. 1893 జూన్ దాకా ఎవరైనా వెండి పట్టుకెళ్లి టంకశాలలో రూపాయలు కొట్టించుకోవచ్చు. అందువల్ల రూపాయి విలువా, అందులో వెండి విలువా ఇంచుమించు ఒకటే, కరిగించినా నష్టం లేదు. జూన్ 26న ఆ వీలు మూసేశారు. అంతర్జాతీయంగా వెండి ధర పడిపోతుంటే రూపాయి మాత్రం నిలబడింది. ఆ తర్వాత రూపాయలు కరిగించడం అంటే చేతులారా సొమ్ము పోగొట్టుకోవడమే. కాబట్టి కడ్డీ వెండి కొని చేయించడం పెరిగింది, కడ్డీతో పాటు కల్తీకి సందూ పెరిగింది. మొదటి ప్రపంచయుద్ధం ఆఖర్లో వెండి ధర ఎంత లేచిందంటే, రూపాయిలోని వెండి రూపాయి కన్నా ఖరీదైంది, నాణేలు కరిగించడాన్ని సర్కారు నిషేధించాల్సి వచ్చింది. ఇక 1940లో రూపాయిలో వెండిని దాదాపు సగానికి తగ్గించారు. ఆ రూపాయలతో చేయించిన గ్లాసు నల్లబడటం మొదలుపెడితే ఎంత తోమినా తేరుకోదు. మీ ఇంట్లో అలాంటి మొండి గ్లాసు ఉంటే ఆ కాలం రూపాయల మీద అనుమానపడొచ్చు.

అసలీ కృష్ణా డెల్టాకు ఇంత వెండి ఎక్కడిదనే ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. మన నేలలో వెండి గనులు లేవు. 1600ల్లో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం రేవులో దిగి, మన నేత గుడ్డలు కొనడానికి ఓడల్లో వెండి బంగారాలు మోసుకొచ్చారు. మన దగ్గర వాళ్లకు కావలసింది చాలా ఉంది, వాళ్ల దగ్గర మనకు కావలసింది వెండి బంగారాలు తప్ప పెద్దగా లేదు. ఆ తర్వాత గుడ్డ పోయి ధాన్యం వచ్చింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవల కింద మాగాణి విస్తరించింది. ధాన్యం అమ్మిన రూపాయలు చేతికొచ్చిన రైతుకు బ్యాంకు లేదు. ఉన్నది కంసాలి. అల్లుడికి కంచం, మనవడికి ఉగ్గుగిన్నె, దేవుడికి పంచపాత్ర. కరువొస్తే కుదువ పెట్టుకోవడానికి అవే, పెళ్లొస్తే పెట్టడానికీ అవే. మీ కంచంలో ఉన్నది కృష్ణ నీళ్లే, గట్టిపడ్డాయి అంతే.

ఇక ఏది దేనికి అన్నది. ఈ విషయంలో దొరలు చాదస్తులు. చేపకు ఒక కత్తి, పంచదార ముక్కకు ఒక పటకారు, ద్రాక్షగుత్తి కోసుకోవడానికి ఒక కత్తెర, పంచదార చల్లడానికి చిల్లుల చెంచా. ఉప్పు చెంచాకు గిన్నె వరకు బంగారు నీరు పూస్తారు, ఎందుకంటే ఉప్పు వెండిని తినేస్తుంది. లోపల పసుపు రంగు తళుకు కనబడితే అది ఉప్పుదో గుడ్డుదో అయి ఉంటుంది. గుడ్డులో గంధకం ఉంది, తగిలితే వెండి నల్లబడుతుంది.

ఒక స్నేహితుడి ఇంట్లో జరిగింది చెబుతాను. నిష్ఠ గల కుటుంబం, ఉల్లిపాయ కూడా వాడరు. వాళ్ల పూర్వులకు ఒక జమీందారీ దివాణంతో సంబంధం ఉంది. వాళ్ల సంధ్యావందనం పళ్లెంలో పంచపాత్ర పక్కన పొడుగాటి వెండి ఉద్ధరిణి ఉంది. గిన్నె లేదు, రెండు కొసల్లోనూ సన్నటి కాలవలాంటి గాడి ఉంది, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. మూడు తరాలుగా దాంతోనే ఆచమనం చేస్తున్నారు. వెనక సింహం ఉంది, చిరుత తల ఉంది. అది ఎముకలోంచి మూలుగ తీసుకుని తినే చెంచా. నేను పైకి చూశాను, కిందకి చూశాను, "చాలా పాతదిరా" అన్నాను. ఇప్పుడు రేడియోలో చెప్పేశాను. వాడి ఇంట్లో ఈ పూట కరెంటు పోయి ఉంటే బాగుండు.

మనవీ ఇలా పొరపాటు పడేవే. పొడుగు ముక్కున్న చిన్న వెండి గిన్నె తీసుకెళ్లి మీరు ఏ విదేశీ వేలంలోనో పెట్టారనుకోండి, దాన్ని పులుసు పోసే పాత్ర అంటారు. అది ఉగ్గుగిన్నె. ఇంగ్లండులో కూడా పద్దెనిమిదో శతాబ్దంలో కాళ్లు లేని పడవలాంటి వెండి గిన్నెలతో పసిబిడ్డలకు జావ పట్టేవారు. వాటినీ అక్కడివాళ్లు సాస్ గిన్నెలని పొరపడతారు. ఉగ్గుగిన్నె అని తేల్చడానికి నా దగ్గర ఒక గుర్తుంది. ముక్కు అంచు నున్నగా గుండ్రం తిప్పి ఉంటుంది, బిడ్డ పెదవికి గుచ్చుకోకుండా. కొన్నిటి మీద ఆ అంచునే చిన్న చిన్న సొట్టలుంటాయి. పళ్లొచ్చిన పిల్లల పని అది. 'ఉగ్గుపాలతో అబ్బింది' అంటామే, ఆ ఉగ్గుపాల పాత్ర ఇదే.

మరచెంబు మరో తమాషా. మూతకు మర ఉంటుంది, బోర్లించినా నీళ్లు కారవు. మడి నీళ్లు ప్రయాణంలో తీసుకెళ్లడానికి. ఇవాళ పిల్లలు దాన్ని చూసి ఫ్లాస్కా అంటారు, తప్పేమీ లేదు. నిమ్మకాయంత డబ్బీ, చిన్న గొలుసుతో ఉంటే సున్నపుకాయ, ఆకువక్కల సంచీలో ఉండేది. లోపల తెల్లటి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంటే గీకి పారేయకండి, అది ఏ తాతగారి సున్నమో. ఆ పెచ్చే దాని సాక్ష్యం.

పాత్ర చేతితో కొట్టిందా, మర మీద తీసిందా అన్నది తెలుసుకోవడానికి ఆచారి గారు నాకు చెప్పిన కిటుకు ఇది. లోపలి వైపు దీపానికి వాలుగా పట్టుకుని చూడాలి. సుత్తి దెబ్బలైతే చెరువులో వానచినుకుల్లా అక్కడక్కడా మెరుస్తాయి. లేతు మీద తీస్తే కుమ్మరి సారెలా ఒకే మధ్యబిందువు చుట్టూ గీతలుంటాయి. చెంబు మెడ దగ్గర వేలు పెట్టి నిమిరితే టంకం అతుకు తగులుతుంది, వెలిగారం పెట్టి కలిపినది. ఆయన వేలు నిమిరీ నిమరగానే "ఇది మన పని కాదండీ, మద్రాసు పని" అనేస్తారు. ఎలా తెలిసిందంటే అంచు మడిచిన తీరట. నాకు ఇప్పటికీ ఆ తేడా తెలియదు. ఆయన కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, అతనికీ తెలియదు.

తోమే విషయంలో ఒక్క మాట. పండగ పండక్కీ పళ్లపొడి వేసి రుద్ది రుద్ది, తాతల పేర్లు తుడిచేస్తున్నాం. వెండికి కుంకుడుకాయ రసం చాలు. చింతపండు రాగికీ ఇత్తడికీ ఉంచండి. ముద్ర ఉన్నచోట, అక్షరాలున్నచోట మెత్తటి గుడ్డ మించి వాడవద్దు. కొట్లో మెరుగు పెట్టిస్తామంటే వద్దనండి. చక్రం మీద ఒక్క నిమిషం చాలు, నూరేళ్ల రాత పోతుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఇంకో సంగతి. నూరేళ్లు దాటిన వస్తువు మన 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి రావచ్చు, దేశం దాటించడానికి ఆంక్షలున్నాయి. అమ్మమ్మ చెంబు పెట్టెలో సర్దేముందు పురావస్తు శాఖ వారి ధ్రువపత్రం గురించి కనుక్కోండి, విమానాశ్రయంలో చెంబు కోసం కన్నీళ్లు పెట్టుకోవద్దు.

ఇక మార్పిడి. వెండి ధర ఎగబాకినప్పుడల్లా బీరువాలు ఖాళీ అవుతాయి. 1980 జనవరిలో అంతర్జాతీయంగా వెండి ఔన్సు 50 డాలర్ల దాకా పోయినప్పుడు, ఇంగ్లండు, అమెరికాల్లో రెండు వందల ఏళ్ల నాటి చెంచాలు కూడా కొలిమిలోకి పోయాయి. మన దగ్గర ఆ పని ఏడాది పొడుగునా జరుగుతుంది. మా ఇంట్లోనూ జరిగింది. మా తాతగారి కంచం, అంచున లతలు, నడుమ పద్మం, వెనక ఆయన పేరు, ఒక కొట్లో ఇచ్చి మిషన్ మీద నొక్కిన రెండు కొత్త కంచాలు తెచ్చుకున్నాం. తరుగు పోయింది, మజూరీ పోయింది. పాతది మేమిచ్చిన రోజే కరిగి ఉంటుంది. దాని ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. ఎవరిని అనను? కొట్టుకు పట్టుకెళ్లింది నేనే.

అమ్మొద్దని నేను చెప్పను. అవసరాలు ఎవరివి వారికే తెలుసు, పాతకాలం వాళ్లు వెండి చేయించిందే అవసరానికి అక్కరకొస్తుందని. ఒక్క పని చేయండి. కొట్టుకు తీసుకెళ్లే ముందు రోజు దాన్ని బోర్లించి, పక్క వెలుతురులో అడుగు ఫొటో తీయండి. ఎంత తూగిందో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి ఏ పెళ్లిలో పెట్టారో, చేసిన కంసాలిది ఏ ఊరో, పేరు గుర్తుంటే పేరూ అడిగి రాసుకోండి. ఆ చివరిది తప్పకుండా అడగండి. పాత్ర మీద లేనిది అదొక్కటే, అది ఇప్పుడు ముసలివాళ్ల జ్ఞాపకంలోనే ఉంది.

మా కుంకుమ చెంచా గుంటూరులో మా చెల్లెలి దగ్గర ఉంది. టీ చెంచా అని చెప్పాను. నవ్వి, మళ్లీ కుంకుమ భరిణెలోనే పెట్టుకుంది.